అపూర్వ మాధుర్యము కద్దు

మా చిన్నప్పుడు... నాంపల్లిలో సాయంత్రం ఆరు కాగానే మా నాన్నగారు కిటికీ మూసేసేవారు. దోమలని అమ్మతో చెప్పేవారు గానీ, అసలు సంగతి ఎదురింటి యాదగిరన్న క్లారినెట్!

యాదగిరన్నది పెళ్లి బ్యాండు. బ్యాండంటే మొత్తం ఇద్దరే... ఆయన క్లారినెట్, బావమరిది మల్లేశం డ్రమ్ము. పిలిచేవాళ్లు తక్కువ. జనం సినిమా పాటలు అడిగితే ఈయన తాను కట్టుకున్న బాణీలు వాయించేవాడు మరి. ఒక బరాత్‌లో ఆయన బాణీకి చుట్టాలెవరూ కదల్లేదట... పెళ్లికొడుకు గుర్రం ఒక్కటే తల ఊపిందట. ఈ మాట చెప్పి మల్లేశం ఏడుపు ముఖం పెట్టేవాడు.

మేం గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నాన్నగారికి గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం. నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడే నాకు మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట దొరికితే నోటుబుక్కులో ఎక్కించడం, అది ఎక్కడి నుంచి వచ్చిందని మా తెలుగు మాస్టారిని వేపుకు తినడం... ఆ రోజుల్లో దొరికినదే 'కద్దు'. కలదు, ఉంది అని అర్థం. పాత పుస్తకాల మాట. "అమ్మా, చారులో ఉప్పు కద్దా?" అని అడిగితే అమ్మ గరిటె చూపించింది.

ఒక సాయంత్రం యాదగిరన్న బాణీలో ఏదో వింత మలుపు వినిపించింది. అలవాటు కొద్దీ అరుగు దగ్గరకు వెళ్లి, "అన్నా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

ఆయన క్లారినెట్ దించి నన్నే చూశాడు.

"ఇరవై ఏండ్ల సంది కొడుతున్న బిడ్డా... గీ మాట అడిగింది నువ్వే మొదలు."

ఇక ఆదివారాలన్నీ మావే! నాన్నగారిని బతిమాలి వెంటబెట్టుకుని యాదగిరన్నతో తిరిగాను. పబ్లిక్ గార్డెన్‌లో పోలీసు బ్యాండు వాయిస్తుంటే ఆయన ఒక్కసారిగా నాన్నగారి చెయ్యి పట్టుకునేవాడు... "ఇన్నరా సార్, గా స్వరం ఎక్కుడు? గీడికెళ్లే తెచ్చిన!" సికింద్రాబాద్‌లో ఒక చర్చి బయట నిలబెట్టి లోపలి ఇత్తడి బూరలు వినిపించి, "నా బాణీల ఆ దిగుడు వీళ్లదే" అనేవాడు. సుల్తాన్ బజార్‌లో మూతపడిన ఒక దుకాణం ముందు మాత్రం చెప్పులు విడిచాడు. ఆయనకు నేర్పిన ఉస్తాద్ బ్యాండు ఒకప్పుడు అక్కడ ఉండేదట.

"మిగిలిందంతా గాయనదే" అన్నాడు.

మాటలకే కాదు, పాటలకూ పుట్టిల్లు ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు. నాన్నగారు మర్నాడు కిటికీ మూయలేదు. "దోమలు తగ్గాయిలే" అన్నారు, పేపరు వెనక నుంచి.

సరిగ్గా అప్పుడే ఆబిడ్స్‌లోని ఒక పెద్ద బ్యాండు మల్లేశాన్ని పిలిచింది. జరీ కోటు, తురాయి టోపీ... అతను పోతే డ్రమ్ము పోతుంది. డ్రమ్ము పోతే యాదగిరన్న బ్యాండే ఉండదు.

"బావా, నీ బాణీ ఇననీకె యాభై మంది నిలబడాలె. గప్పుడే నేనుంట. లేకుంటే పోత" అని తేల్చేశాడు మల్లేశం.

మొజంజాహీ మార్కెట్లో పండ్ల దుకాణాలవాళ్లను అడిగితే, శుక్రవారం సాయంత్రం తమ ముందు వాయించుకోమన్నారు. బోర్డు రాసే పని నాది! అట్ట మీద ఎర్ర సిరాతో రాశాను...

"నేటి సాయంత్రము. ఉచితము. అపూర్వ మాధుర్యము కద్దు."

ప్రేమ కొద్దీ చివరి మాటను బెత్తెడు అక్షరాలతో దిద్దాను. దాంతో బ్యాండు పేరుకు చోటు మిగల్లేదు. పొద్దున్నే తీసుకెళ్లి దుకాణాల ముందు కట్టేశాం.

సాయంత్రం వెళ్లి చూస్తే... యాభై ఏమిటి, వంద మంది! మల్లేశం నోరు తెరిచాడు. నేను గాల్లో తేలుతున్నాను. అందరి చేతుల్లోనూ సంచులెందుకున్నాయో మాత్రం అర్థం కాలేదు.

ముందు నిలబడిన ముసలమ్మ అడిగింది, "ఏంది బిడ్డా, లైన్ గీడనేనా? కద్దు మనిషికి ఒకటా, రెండా?"

హైదరాబాద్‌లో కద్దు అంటే సొరకాయట! మా ఇంట్లో దాన్ని ఆనపకాయ అంటాం. కూరల బజారుకు నేనెప్పుడు వెళ్లాను గనక... పండ్ల దుకాణం, ఉచితం, మాధుర్యం, కద్దు. తియ్యటి సొరకాయలు ఊరికే పంచుతున్నారని నాంపల్లి దాకా పాకిపోయింది.

"సొరకాయ కోతలు శాన ఇన్న గని... బోర్డు కట్టి కోసుడు గిప్పుడే చూస్తున్న!" అని ఎవరో అరిచారు. నవ్వులు, తిట్లు. జనం సంచులు దులుపుకుని తిరగబోయారు. నాన్నగారు బత్తాయిల గుట్ట వెనక్కి చేరారు. నాకు ఏడుపొచ్చింది.

యాదగిరన్న క్లారినెట్ పెదాలకు ఆనించాడు. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు... ముందు తిట్లు ఆగాయి. తర్వాత పక్కనున్న టాంగా బండివాడు బీడీ పారేశాడు. కొందరు వెళ్లిపోయారు, కొందరు సంచి నేలమీద పరుచుకుని కూర్చున్నారు.

బాణీ అయిపోయాక ముసలమ్మ, "కద్దు లేకుంటే పాయె... గా చివర్ది మల్లొకసారి కొట్టు కొడుకా" అంది.

యాదగిరన్న మల్లేశం వైపు తిరిగి మెల్లగా అడిగాడు, "ఎంతమంది ఉన్నర్రా?"

"లెక్క మర్శిన బావా" అన్నాడు మల్లేశం, చెమట తుడుచుకుంటూ. "ముందు గది కొట్టు... దరువు సల్లారుతది."

ఆ జరీ కోటు అతను తొడగలేదు. అప్పటి నుంచి వాళ్లకు కద్దు బ్యాండు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరుతోనే పిలుపులూ వచ్చాయి. నేను క్షమాపణ చెప్పబోతే యాదగిరన్న ఆపాడు.

"మీ పుస్తకాలల్ల కద్దు అంటే ఏంది బిడ్డా?"

"ఉంది అని, అన్నా."

"ఔ మల్ల... ఉన్నం గద!" అని పకపకా నవ్వాడు.

ఇప్పుడు ఫోను తాకితే చాలు, ఏ దేశం పాటైనా వస్తుంది. ఇది ఎవరి దగ్గర నేర్చావని అడుగుదామంటేనే ఎదురుగా మనిషి ఉండడు... మీ వీధిలో వాయించి, ఏ రికార్డుకూ ఎక్కకుండా వెళ్లిపోయినవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు కింద రాయండి. ఇక్కడైనా ఉంటారు.