ప్రసాద్ సర్ నంబరు

అమీర్‌పేటలో హనుమత్ప్రసాద్ ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. ప్రసాద్ సర్ అంటే మాత్రం టీ కొట్టువాడు కూడా గ్లాసు కడుగుతూనే మేడ వైపు చూపిస్తాడు. పదకొండేళ్లు ఆ మేడ మీద ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన జావా చెప్పారు. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఒకటి, ఆఫీసులు వదిలాక మరొకటి. అదే పాఠం, అదే ఉదాహరణ, అదే చోట అదే జోకు. మొదట్లో ఆ జోకుకి పిల్లలతో పాటు తనూ నవ్వేవారు. తర్వాత్తర్వాత వాళ్లు నవ్వడం అయ్యేదాకా బోర్డు తుడుచుకుంటూ నిలబడేవారు.

పిల్లలు వచ్చేది ఆ మేడని చూసి కాదు, పోస్టర్ల మీది పేరు చూసి. కరెంటు స్తంభాల మీదా, హాస్టళ్ల గోడల మీదా పసుప్పచ్చ పోస్టర్లు. జావా, ప్రసాద్ సర్, ఉచిత డెమో, కింద పది అంకెల సెల్ నంబరు. ఆ ఫోను ఆయన చొక్కా జేబులోనే ఉండేది. పెళ్లి భోజనాల్లో మోగినా లేచి వెళ్లి, చేరబోయే పిల్లాడికి టైమింగులు చెప్పి వచ్చి చల్లారిన సాంబారు తినేవారు. కూతురు హైందవికి ఎక్కాల కన్నా ముందు నోటికొచ్చిన అంకెలు అవే.

రెండు వేల పదకొండు జనవరిలో, సంస్థ యజమాని అచ్యుతరావు గారు ఆయన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. "మాష్టారూ, మీరు కాస్త రెస్టు తీసుకోండి. ఏడింటి బ్యాచ్ ప్రమోద్ చూసుకుంటాడు" అన్నారు. ప్రమోద్ ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. మరుసటి నెల తొమ్మిదింటిది కూడా ప్రమోద్‌కే పోయింది. సాయంత్రం బ్యాచ్‌లో ఆరుగురు మిగిలారు. ఏప్రిల్లో వాళ్లూ లేరు. నెలాఖరుకి మీ ఫోను లైను ఆపించేస్తున్నామని ఆఫీసు నుంచి ఓ ముక్క చెప్పించారు.

కోపం రావాలి కదా అని ఆయనకే అనిపించింది. కాసేపు ఎదురు చూశారు కూడా. రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది.

ఒళ్లు మండింది భార్య జానకీదేవికి. "ఏవండీ, పిల్లలు ఆ అచ్యుతరావు గోడలు చూసి వస్తున్నారా, మిమ్మల్ని చూసి వస్తున్నారా? మన పైగది ఖాళీగానే ఉందిగా, అక్కడ చెప్పండి. నంబరుంటే చాలు, పిల్లలు వాళ్లే వస్తారు." ఫోను కంపెనీ మారినా నంబరు పోదని, ఈ ఏడాదే ఆ పద్ధతి వచ్చిందని పేపర్లో చదివింది ఆవిడే. అది చదివిన రోజే మధురానగర్‌లోని వాళ్ల మేడగదికి ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు ఎక్కించింది. లెక్క ఆయనకూ తెలుసు. నంబరు నిలిస్తే క్లాసు నిలుస్తుంది. లేదంటే నలభై ఎనిమిదేళ్ల మనిషి పాతికేళ్ల కుర్రాళ్ల పక్కన రెజ్యూమె పట్టుకుని నిలబడాలి.

పంజాగుట్టలో కొత్త ఫోను కంపెనీ షోరూముకి వెళ్లారు. పాత కంపెనీకి మెసేజ్ పంపి తెప్పించుకున్న కోడు, ఫోటో, ఫారం అన్నీ కౌంటరు మీద పెట్టారు. నౌషీన్ అని బ్యాడ్జి పెట్టుకున్న అమ్మాయి నంబరు కొట్టి, స్క్రీను చూసి, మళ్లీ కొట్టింది.

"సర్, గీ నంబర్ మీ పేరు మీద లేదు."

"తొమ్మిదేళ్ల నుంచి నేనే వాడుతున్నానమ్మా."

"వాడుతున్నరు సర్, కాదంటలే. కానీ కాగితంల మీ ఇన్‌స్టిట్యూట్ పేరున్నది. వాళ్లు లెటర్ రాసిస్తే అయిపోతది. ఫికర్ చెయ్యకుండ్రి."

అప్పట్లో అచ్యుతరావు ఒకే అప్లికేషన్ మీద నాలుగు సిమ్ములు తెచ్చి నలుగురు ఫ్యాకల్టీకి పంచారు. బిల్లు మనదే మాష్టారూ అన్నారు. బిల్లు కట్టక్కర్లేదు అనగానే ఈ పెద్దమనిషి సిమ్ము ఎవరి పేరు మీద ఉందని అడగలేదు. ఊరందరికీ జావాలో ఏ వేరియబుల్ ఎవరి సొంతమో బోర్డు మీద గీసి చెప్పిన మనిషి!

మర్నాడు పొద్దున ఇన్‌స్టిట్యూట్‌కి నడిచారు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో పాఠంలా వరస కట్టుకున్నారు. ముందు బతిమాలడం, తర్వాత కాస్త గొంతు పెంచడం, చివర్న పాత స్నేహం. ఏదీ అవసరం పడలేదు. అచ్యుతరావు అక్కడికక్కడే లెటరు టైపు చేయించి, సంతకం పెట్టి, స్టాంపు కూడా కొట్టించారు.

"నంబరేగా మాష్టారూ, భలేవారే! టీ తాగండి."

టీ తాగుతుంటే అద్దాల తలుపు అవతల తొమ్మిదింటి బ్యాచ్ గొల్లున నవ్వింది. ఆయన గోడ గడియారం చూశారు. తొమ్మిదీ ఇరవై. జోకు సరిగ్గా దాని చోట్లో పడింది. టీ అయ్యాక లెటరు మడిచి జేబులో పెట్టుకుని, వస్తానండీ అని చెప్పి మెట్లు దిగారు. అచ్యుతరావు అంత తేలిగ్గా ఎందుకిచ్చేశారన్న అనుమానం మెట్ల మీద ఒక్కచోట కూడా తగల్లేదు.

వారం తిరక్కుండా పాత సిమ్ము చచ్చిపోయింది. కొత్తది వేస్తే మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదు. జానకీదేవి బల్కంపేట ఎల్లమ్మకి మొక్కేసుకుంది. లైను వచ్చాక పక్కింటి నుంచి ఆవిడే ఫోన్ చేసి చూసింది. మోగింది. ఆయన పైగదిలో మొదటి కుర్చీలో కూర్చుని, ఫోను ఎదురుగా రెండో కుర్చీలో పెట్టారు.

మూడు రోజుల్లో అప్పులిస్తామన్నవాళ్లు ఇద్దరు ఫోన్ చేశారు. నాలుగో రోజు ఒక ఆడపిల్ల.

"హలో, ప్రసాద్ సర్ నంబరేనా?"

"అవునమ్మా, చెప్పు." గుడ్డ పెట్టి కుర్చీలు తుడుస్తున్న జానకీదేవి చెయ్యి ఆగిపోయింది.

"నా పేరు జువేరియా సర్. మా అక్క మీ దగ్గరనే నేర్చుకున్నది, ఆమెనే నంబర్ ఇచ్చింది. నిన్న మీ డెమో విన్న. మస్తు సమజైంది సర్. ఏడింటి బ్యాచ్‌ల చేరుదామని."

ఆయన డెమో చెప్పి నాలుగు నెలలు దాటింది. "నిన్న డెమో ఎవరు చెప్పారమ్మా?"

"మీరే కద సర్? బోర్డు మీద సుత ప్రసాద్ సర్ అనే రాసిండ్రు." పిల్ల కొంచెం తడబడింది. "ఫోన్ల మీ గొంతు వేరే ఉన్నది."

అప్పుడర్థమైంది. పేరు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. దాని కింద ఇప్పుడు ప్రమోద్ నిలబడుతున్నాడు. కొత్త పోస్టర్ల మీద ఎలాగూ కొత్త నంబరు వేసే ఉంటారు. అమీర్‌పేటలో దీన్ని మోసమని ఎవరూ అనరు. పది మంది నోళ్లలో నానిన పేరుని మాష్టారు మారాడని మారుస్తారా ఎవరైనా? మీదీ ఒక పేటేనా, మీదీ ఒక పద్ధతేనా అని తిట్టుకోవడానికి కూడా ఆయనకి నోరు లేదు. ఎందుకంటే ఆయన ఈ ఊరొచ్చిన కొత్తలో, మొదటి నాలుగు నెలలు, అదే బోర్డు ముందు విశ్వం సర్ అన్న పేరు కింద ఆయనే నిలబడ్డారు. పిల్లలు విశ్వం సర్ అని పిలిస్తే పలికారు కూడా.

"సర్? ఉన్నరా?"

"ఉన్నానమ్మా. బాగా చెప్తాడు, చేరు. సరిగ్గా ఏడింటికి మొదలైపోద్ది. పది నిమిషాలు ముందే వెళ్తే ముందు వరస దొరుకుద్ది."

ఫోను పెట్టేశారు.

"ఎవరండీ? మనకేనా?" అంది జానకీదేవి, గుడ్డ చేతిలోనే ఉంచుకుని.

"ఏడింటి బ్యాచ్ పిల్ల" అన్నారాయన. ఫోను జేబులో వేసుకుంటూ, "జానకీ, నాకంటే ముందు అక్కడ విశ్వం గారని ఒకాయన చెప్పేవారు" అన్నారు.

"అయితే? ఇప్పుడాయన ఎక్కడున్నారు?"

విశ్వం గారు ఎలా ఉంటారో ఆయనకి తెలీదు. ఊరు తెలీదు. ఏమైపోయారని పదకొండేళ్లలో ఒక్కరినీ, ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు సిగ్గేసింది. చెవులు వేడెక్కేటంత సిగ్గు. జనవరి నుంచి ప్రసాద్ సర్‌కి ఏదైనా అనిపించడం అదే మొదలు.