స్పానరుతో బిగించిన బెల్టు

నా చిన్నప్పుడు మేము ఇక్కడే, ఈ క్రైస్ట్‌చర్చ్‌లోనే ఉన్నామంటే ఇప్పటి మనవాళ్ళు నమ్మరు. ఏదో ఫంక్షన్లో ప్లేటు పట్టుకుని నిలబడితే ఎవరో ఒక కుర్రాడు వచ్చి, "అంకుల్, పిల్లల దగ్గరికి విజిట్‌కి వచ్చారా?" అని అడుగుతాడు. విజిట్ ఏమిటయ్యా, నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు, అందులో డెబ్బై రెండు ఇక్కడే గడిచాయి అంటే, నా మతి మీద అనుమానంతో మెల్లగా పక్కకి తప్పుకుంటాడు. చెరకు తోటల పనికి విశాఖపట్నం వైపు నుంచి ఫిజీకి ఓడెక్కినవాళ్ళలో మా తాతవాళ్ళున్నారు. మా నాన్న అక్కడే పుట్టి, చెరకు లారీలు నడిపి, ఇంజన్లు విప్పడం నేర్చుకుని, మా అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. నేను బడిలో చదివింది తక్కువ. ఈ తెలుగు కూడా అమ్మ పెట్టెలోని పాత పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేను కూడబలుక్కున్నదే.

అయితే నేను చెప్పదలచుకున్నది వలసల చరిత్ర కాదు. భయం గురించి. ఈ రోజుల్లో ఎవరి దగ్గరైనా భయంగా ఉందంటే చాలు, "పాజిటివ్‌గా ఉండండి అంకుల్" అంటారు. ఆ ఒక్క మాటతో ఎంతమంది నోళ్ళు మూయించారో లెక్కలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే తొమ్మిదేళ్ళ వయసులో నేను చేసిన ఒక వెధవపని చెప్పాలి.

ఊరి చివర పాత కార్లు విప్పి పార్టులు అమ్మే యార్డులో నాన్నకి పని. స్టాక్ కార్ల రేసులు ఈ దేశంలో అప్పుడప్పుడే మొదలయ్యాయి. రోడ్డు మీద పనికిరాని పెద్ద పెద్ద పాత కార్లు తెచ్చి, అద్దాలన్నీ ఊడదీసి, తలుపులు తెరుచుకోకుండా వెల్డింగ్ చేసి, ముందూ వెనకా ఇనప దూలాలు బిగించి, గుండ్రటి ట్రాక్ మీదికి వదిలేవారు. ముందు రావడం ఒక్కటే గెలుపు కాదు, పక్కవాణ్ణి గుద్ది గిర్రున తిప్పేయడం కూడా ఆటే. మొదట సరదాకి దిగేవాళ్ళు. తర్వాత కారు ఒకడిది, నడిపేవాడు ఇంకొకడు, నడిపినందుకు వాడికి జీతం, అలా తయారైంది. మా యార్డు ఓనరుకి కూడా ఒక కారుండేది. ఒక శనివారం ఆ కారు బోర్లాపడి, దాని డ్రైవరుకి భుజం ఎముక విరిగింది. సోమవారం ఓనరు మా నాన్నని పిలిచి, వచ్చే శనివారం నువ్వు నడుపుతావా అని అడిగాడు. నాన్న ఊఁ అనేశాడు. ఆ రేసుల మైదానంలో అప్పటిదాకా మనవాడెవడూ స్టీరింగ్ పట్టలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాన్న జేబులోంచి బెల్టు బకిల్ తీసి బల్ల మీద పెట్టాడు. యుద్ధం అయిపోయాక విమానాల్లోంచి ఊడదీసి అమ్మేసిన పైలట్ల బెల్టుదది. "పప్పు గిన్నె పక్కన ఆ ఇనుమేంటండీ, తియ్యండి" అని అమ్మ విసుక్కుంది. నాన్న తియ్యలేదు. ముచ్చటగా దాని మీట ఎత్తుతూ, దించుతూ చూపించాడు. కారు తలుపులు తెరుచుకోవు కదా, నిప్పంటుకుంటే కిటికీలోంచి దూకాలి, ఈ మీట ఎత్తితే ఒక్క దెబ్బకి బెల్టు విడిపోతుంది, పది లెక్కపెట్టేలోపు బయటుంటాను అన్నాడు. ఆయన మాకు ధైర్యం చెప్తున్నాననుకున్నాడు. నా చెవిలో మాత్రం 'నిప్పంటుకుంటే' అన్న మాటొక్కటే ఉండిపోయింది.

"నాకు భయంగా ఉంది నాన్నా" అన్నాను.

"ఛీ, మగపిల్లాడివి, భయమేంట్రా! ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదు" అన్నాడు.

వినపడలేదు. వారం రోజులు ఆ మాట నా కడుపులోనే ఉంది. బడిలో టీచరు బోర్డు మీద లెక్క రాస్తుంటే నాకు కిటికీలోంచి దూకలేక గింజుకుంటున్న మనిషి కనిపించేవాడు. తిన్నది ఇమిడేది కాదు. అమ్మ వాము నీళ్ళు తాగించింది. భయానికి వాము ఏం చేస్తుంది?

శనివారం మధ్యాహ్నం నాన్న నన్ను యార్డు ట్రక్కులో మైదానానికి తీసుకెళ్ళాడు. అమ్మ రానంది. కార్లన్నీ వరసగా నిలబెట్టిన చోట ఒక ముసలాయన ఒక్కొక్క కారూ చెక్ చేస్తున్నాడు. ఆయన యుద్ధంలో విమానాల మెకానిక్ అట. ఎడమ చెవి కాలి, కరిగి, ముద్దలా తలకి అతుక్కుపోయి ఉండేది. చక్రాలు ఊపి, బెల్టు గట్టిగా గుంజి చూసి, బాగుంటే కారు పైన సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. ఆ గీత పడితేనే ట్రాక్ మీదికి. మా కారుకీ గీత పడింది. నాన్నా ఓనరూ డ్రైవర్ల మీటింగుకి వెళ్ళారు. నన్ను కారు దగ్గర ఉండమన్నారు.

అప్పుడు తోచింది నాకు. కిటికీలోంచి లోపలికి దూరి, బకిల్ కడ్డీ చుట్టూ తిప్పిన పట్టీని వదులు చేసి, లాగి, బకిల్‌ని జేబులో వేసుకున్నాను. బకిల్ లేకపోతే బెల్టు లేదు, బెల్టు లేకపోతే రేసు లేదు, ఇంటికెళ్ళిపోతాం. తొమ్మిదేళ్ళవాడి బుర్ర అంతే పనిచేసింది.

వాళ్ళు తిరిగొచ్చి వెతికారు. సీటు కింద, చక్రాల దగ్గర, ట్రక్కులో. ఇంకో కారు డ్రైవరు, ఎర్రజుట్టువాడు, కారు మీద మోచేయి ఆన్చి చూస్తూ, "ఏంటోయ్, మీ ఊళ్ళో బెల్టులుండవా? ఎడ్లని కట్టే తాడు తెచ్చుకోవాల్సింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న ముఖం ఎలా అయిందో నాకిప్పటికీ గుర్తే. ఓనరు మైకులో పిలుపు వింటూ కంగారు పడిపోయి, "ఇంకో దారుంది" అని రెండు పట్టీల కొసలకీ చిల్లులు పొడిచాడు. నాన్నని సీట్లో కూర్చోబెట్టి, పట్టీలు పొట్టమీదికి లాగి, ఒక బోల్టు దూర్చి, స్పానరుతో నట్టు బిగించాడు.

నేను లెక్కపెట్టాను. నట్టు పదకొండు చుట్లు తిరిగింది. విప్పాలన్నా పదకొండు చుట్లే. లోపల నాన్న దగ్గర స్పానరు లేదు.

పైన సుద్ద గీత ఉంది కాబట్టి మళ్ళీ చూసేవాళ్ళు లేరు. నాన్న వద్దనలేదు, ఆ ఎర్రజుట్టువాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు మరి. 'నాన్నా, ఇదిగో' అని జేబులోంచి చెయ్యి తీస్తే అయిపోయే పని. నా చెయ్యి రాలేదు. నేనే దొంగనని తెలిస్తే ఇంతమందిలో నాన్న తల ఎత్తుకోగలడా? చెప్పకపోతే నాన్న ఉంటాడా? కారు స్టార్టయింది, కదిలింది. పిరికితనం సిగ్గుచేటని వారంపాటు నోరు కుట్టుకున్నవాడికి ఆఖరి నిమిషంలో మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాళ్ళు మాత్రం పరిగెత్తాయి. ట్రాక్ గేటు దగ్గర ముసలాయన నిలబడి కార్లు లెక్కపెట్టుకుంటూ లోపలికి పంపుతున్నాడు. ఆయన ముందుకెళ్ళి నోరు తెరిచాను. గాలే వచ్చింది. జేబులో చెయ్యి, కళ్ళలో నీళ్ళు, వేలు మా కారు వైపు. ఆయన నన్ను చూశాడు. ఉబ్బెత్తుగా ఉన్న జేబు చూశాడు. చెయ్యెత్తి మా కారుని ఆపి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నాన్న పొట్టమీద తడిమాడు. ఆ బోల్టు తగిలినప్పుడు ఆయన ముఖం రంగు మారింది.

అరుస్తాడనుకున్నాను. అరిచాడు కూడా, కానీ తన మీద తనే. "నాదే తప్పు! ఇందాక చెక్ చెయ్యడానికి దీని బకిల్ ఊడదీశాను, ఎక్కడో పడేసుకున్నాను. అది దొరికేదాకా ఒక్క కారు కూడా లోపలికి వెళ్ళదు. అందరూ వెతకండి!"

ఓనరు బూతులు లంకించుకున్నాడు. "కళ్ళద్దాలు పెట్టుకోవయ్యా ముసలోడా, ఇంకెన్నాళ్ళు వేళ్ళాడతావ్ ఇక్కడ?" అన్నాడు ఎర్రజుట్టువాడు. ఆయన అన్నీ పడ్డాడు. నాన్నని విప్పి బయటికి తీయించి, తను ముందు మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో వెతకడం మొదలెట్టాడు. పది పన్నెండుమంది పెద్ద పెద్ద మనుషులు నూనె బట్టలతో గడ్డి దువ్వుతున్నారు. ముసలాయన వెతుకుతూ వెతుకుతూ నా పక్కకి వచ్చి, "నీవి కుర్ర కళ్ళు కదా, ఆ వెనక చక్రం దగ్గర చూడు" అన్నాడు. చక్రం వెనక ఎవరూ లేరు. నేను వంగి, లేచి, చెయ్యి పైకెత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న నన్ను ఎత్తుకున్నాడు. అంత అవమానకరమైన చప్పట్లు నా జీవితంలో మళ్ళీ వినలేదు.

బకిల్ పట్టీకి ఎక్కిస్తూ ముసలాయన నాకొక్కడికే వినపడేలా అన్నాడు: "భయమేసిందా? నాకూ ప్రతి శనివారం వేస్తుంది. అందుకే చెక్ చేస్తాను. ఈసారి నోటితో భయపడు, చేతులతో కాదు."

రేసు మొదలైంది. మూడో చుట్టులో ఎవడో వెనక నుంచి గుద్దితే మా కారు గోడకి తగిలి పక్కకి ఒరిగిపోయింది. ముందు ఆవిరి లేచింది. తర్వాత నల్లటి పొగ. ఆ పొగలో ఎర్రగా ఒక నాలుక కదిలింది. డ్రైవరు బాగానే ఉన్నాడని చెప్పడానికి కిటికీలోంచి చెయ్యి బయట పెట్టడం అక్కడి పద్ధతి. చెయ్యి రాలేదు. ముసలాయన అందరికంటే ముందు పరిగెడుతున్నాడు. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు... నాకు తెలుగులో అంకెలు అంత గట్టిగా వచ్చని అప్పటిదాకా తెలియదు. ఆరు. ఏడు దగ్గర ఒక చెయ్యి, ఆ వెంటనే తల, ఆ వెంటనే మనిషి మొత్తం పైకి వచ్చి గడ్డిలోకి దొర్లాడు. కనుబొమలు కాలాయి, అంతే. పదకొండు చుట్ల నట్టు సంగతి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు అరికాళ్ళు చల్లబడతాయి.

ఇంటికి తిరిగొస్తుంటే ట్రక్కులో నాన్న నా చురుకైన కళ్ళ గురించి అమ్మకి ఎలా చెప్పాలో తనలో తను మాట్లాడుకుంటున్నాడు. ఆ పొగడ్త భరించలేక చెప్పేశాను. బకిల్ పడిపోలేదు, ఆయన పడెయ్యలేదు, నేనే తీశాను, భయమేసి తీశాను. నాన్న ట్రక్కు పక్కకి ఆపాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ పడలేదు.

"పొద్దుటినుంచి నేనేం తిన్నానో చూశావా?" అన్నాడు చివరికి.

"లేదు."

"ఏమీ తినలేదు. గొంతు దిగలేదురా." తనకీ భయమేసిందన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. బోల్టు బిగిస్తున్నప్పుడు వద్దని ఎందుకనలేకపోయాడో కూడా చెప్పాడు. నాకంటే ఎక్కువ భయపడ్డాడట. అది కనపడితే పరువు పోతుందని ఇంకా భయపడ్డాడట.

మరుసటి శనివారం, వారమంతా యార్డులో బాగుచేసుకున్న కారు పక్కన, నాన్న నా చెయ్యి పట్టుకుని అందరిముందూ నిలబడి, ముసలాయన తప్పేమీ లేదు, మావాడు భయపడి బకిల్ దాచాడు, నేను నా భయాన్నే దాచుకున్నాను అని చెప్పాడు. ముసలాయన సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని, "తెలుసులే, సీటెక్కు" అని, నా వైపు తిరిగి, "ఇవాళ దేనికి భయంగా ఉంది నీకు?" అని అడిగాడు. చక్రం ఊడిపోతుందేమో అన్నాను. ఊపి చూశాడు. పెట్రోలు కారుతుందేమో అన్నాను. పైపు మొత్తం తడిమి, ఒక క్లిప్పు మార్పించాడు. అందరూ నవ్వారు, నవ్వనీ. రెండు మూడు వారాలు గడిచాక ఎర్రజుట్టువాడు ఎవరూ చూడకుండా నన్ను పిలిచి, "నా కారు చూస్తే నీకేమైనా భయమేస్తోందా?" అని అడిగాడు. బోలెడన్ని చెప్పాను వాడికి. రెండు సీజన్లు నడిపి నాన్న మానేశాడు. అంతవరకూ ప్రతి రేసుకీ ముందు నేను నా భయాలన్నీ పైకి చెప్పడం, నాన్న ఒక్కొక్కదాని దగ్గరికీ స్పానరు పట్టుకెళ్ళడం మాకు అలవాటైపోయింది.

ఆ అలవాటే నాతో మిగిలింది. కొత్త ఇల్లు కొన్నప్పుడూ, భూకంపం తర్వాత అదే ఇంట్లోకి మళ్ళీ అడుగు పెట్టినప్పుడూ నా భయాలు నేను బయటికి చెప్పే చేశాను. ఇప్పుడు నా గుండెకి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మొన్న ఫారాలు నింపడానికి వచ్చిన డాక్టరమ్మాయి వరంగల్ నుంచి వచ్చి ఈ దేశంలోనే, డునెడిన్‌లో చదువుకుందట. "డోంట్ వర్రీ అంకుల్, పాజిటివ్‌గా ఉండండి" అంది. వర్రీ అవుతానమ్మా, నువ్వు పెన్ను తీసి రాసుకో అన్నాను. మొదట నవ్వింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆరు భయాలు చెప్పాను. నాలుగోదాని దగ్గర రాయడం ఆపి, ఒక్క నిమిషం అంకుల్ అని లేచి వెళ్ళి, నా ఫైలు మొత్తం మళ్ళీ మొదటినుంచి చూసుకుని వచ్చింది.

ఆపరేషన్ వచ్చే మంగళవారం. భయంగా ఉంది.