ద్వాలి పెద్దమ్మ తీజ్ కాపలా

చండ్రుగొండ పక్కన మా తండాలో ద్వాలి పెద్దమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. మా నాన్నకు వదిన. చిన్నప్పుడు నన్ను తిట్టి మరీ అన్నం పెట్టేది, తినకపోతే మళ్లీ తిట్టేది. అలాంటి మనిషి తీజ్ పండుగ వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఆడపిల్లకు ఒక్కపూట దాటి మెతుకు విదిలించేది కాదు. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ, పండుగ అయ్యేదాకా ఒంటిపూట ఉప్పులేని తిండితో ఉండాలి. మా తండా కట్టుబాటు అది.

ఆమె అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పెద్ద కూతురు సువర్ణ ఒక తీజ్‌లో బుట్టకు నీళ్లు పోస్తూనే కూలిపోయి ప్రాణం విడిచింది. ఉపవాసంలో చాటుగా ఏదో తిని ఉంటుంది, భవానీ తల్లికి కోపమొచ్చిందని తండా అంతా అనేసింది. తింటుంటే ఎవరు చూశారట? ఎవరూ చూడలేదు. పెద్దమ్మ కూడా ఆ మాటే నమ్మింది, పాపం. అందుకే చిన్నకూతురు సంగీతకు తీజ్ పట్టే వయసొచ్చాక పొయ్యి దగ్గరే కాపలా కూర్చునేది.

రెండువేల ఆరు తీజ్‌లో సంగీత కూడా అలాగే పడిపోయింది. నా జీపులో వేసుకొని ఖమ్మం, అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాం. గుండె ఉబ్బిందన్నారు. రక్తం తీసి ఎక్కడికో పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఓపిగ్గా చెప్పింది. గుండె ఎక్కువగా కొవ్వును కాల్చుకొనే కొట్టుకుంటుందట, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మరీను. సంగీతకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జన్యువు వచ్చింది. దాంతో కొవ్వు శక్తిగా మారడం లేదు. వేళకు తింటూ ఉంటే పిల్ల బాగుంటుంది, పస్తుంటే గుండె ఆగిపోవచ్చు.

  పెద్దమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకొని అడిగింది.

"నా పెద్దబిడ్డకు గూడ గిదేనా, అమ్మా?"

పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేను గానీ అదే అయి ఉండాలి అంది డాక్టరమ్మ. దారి పొడుగునా పెద్దమ్మ జీపులో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తూనే ఉంది.

మరుసటి ఏడాది సంగీత తానూ బుట్ట పడతానంది. పట్టుకోమంది పెద్దమ్మ. బుట్టలుంచిన మంచె ముందు, అందరూ చూస్తుండగా, బెల్లం కలిపిన జావ గ్లాసు కూతురి చేతికిచ్చింది. తండా నాయక్ బిచ్యా లేచి అడ్డుపడ్డాడు. తప్పు చేసిన ఒకదాన్ని తీసుకుపోయిన భవానీ తల్లి, రెండోదాన్ని వదులుతుందా అని అడిగాడు. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నాను. కానీ పెద్దమ్మ గొంతు పెంచలేదు.

"నా సువర్ణ దొంగతనంగ ఏం తినలే, బిచ్యన్నా. తినుంటే బతికేది."