సంతోషమ్మ పట్టిన మట్టం

నా పేరు మునిరామయ్య. పలమనేరు దగ్గర పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాను. ముప్పై ఒక్క ఏళ్లు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపాను. ఒక్క ప్రమాదం లేదు. ఏ మలుపులోనూ బండిని మూరెడు కూడా వెనక్కి జారనివ్వలేదు. అందుకు ఇచ్చిన మూడు ప్రశంసాపత్రాలు పటాలు కట్టించుకున్నాను. అయినా ఇప్పుడు రాస్తున్నది నా గురించి కాదు, తిరుపతిలో మా పక్కింటి సంతోషమ్మ గురించి.

ఆమెది సత్యవేడు వైపు. చదివింది ఐదో తరగతి. రైలు పట్టాల పనిలో ఉన్న భర్త చనిపోతే, ఇరవై నాలుగో ఏట ఆ ఉద్యోగంలోనే చేరింది. ముప్పై ఏళ్లకు పైగా ఎండలో గడ్డపార పట్టి పట్టాల కింద కంకర సర్దింది. ఆ పట్టాల మీద నేనెన్నిసార్లు హాయిగా నిద్రపోతూ ప్రయాణం చేశానో! ఆ సంగతి ఈ ఏడాది దాకా నాకు తట్టనే లేదు.

నేను చదివిన బడి వార్షికోత్సవానికి పిల్లలకు కరెంటు బొమ్మరైలు చేసిస్తానని మాటిచ్చాను. కింద ఊరు, పైన కొండ. మధ్యలో మూడు చుట్లు తిరుగుతూ రైలు ఎక్కాలి. ఆహ్వానపత్రికలో "ఆరు పెట్టెలతో కొండెక్కే రైలు" అని అచ్చు కూడా వేసేశారు. "రూపకర్త: మునిరామయ్య" అని నేను ముందే బోర్డు రాయించి పెట్టుకున్నాను.

వారం ముందు నడిపి చూస్తే మొదటి చుట్టులోనే పెట్టెలను కలిపే కొక్కెం ఊడి, వెనక పెట్టెలు జారి కిందపడ్డాయి. ఇంజను మార్చినా అదే వరస. బండి జారనివ్వని మనిషి రైలు జారిందంటే బడి బడంతా నవ్వదా?

చప్పుడు విని సంతోషమ్మ వచ్చింది. చుట్టు పొడుగునా వేలు ఆనించుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"అన్నా, ఈడ చదునుగా ఎందుకు పెట్టినావు?"

"ఘాట్‌లో మలుపుకాడ చదునుంటాది గదమ్మా. ఇంజను ఊపిరి తీసుకోవాల."

ఆమె పకపకా నవ్వింది. "బస్సు ఒంటి బండి. దీనెనక ఆరుండాయి. ముందుది చదునుకొచ్చేసరికి ఎనకది ఏటవాల్లో ఉంటాది. ఆ విరుపుకాడే కొక్కెం ఊడతాది. రైలుకు ఆయాసమేందన్నా? ఎక్కినంతసేపూ ఒకే వాలు ఉండాల."

"ముప్పై ఒక్క ఏళ్లు ఘాట్‌లో నడిపినాను నేను!"

"నడిపినావులే. రోడ్డేసినోళ్లు వేరే గదా!"

కొలతలు చెప్పాను. పై చుట్టు తగలకుండా కింద రైలు దూరాలంటే ఒక్కో చుట్టు మూడు ముప్పావు అంగుళాలు ఎక్కాలి. చుట్టు పొడవు నూట యాభై అంగుళాలు. ఆమె కాగితం అడగలేదు. "పట్టా కింద పది అంగుళాలకొక చెక్క దిమ్మె. దిమ్మె దిమ్మెకూ పావంగుళం ఎత్తు పెరగాల. చుట్టుకు పదిహేను" అంది. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబు తెప్పించింది. నేను చెక్క కోస్తే ఆమె మట్టం పట్టింది. ఏడో దిమ్మె వెంట్రుకవాసి ఎక్కువుందని నాలుగుసార్లు అరగదీయించింది. నాలుగో రోజుకు ఆరు పెట్టెలూ పైకెక్కాయి. నాకు కళ్లు చెమర్చాయి.

బోర్డు మీద నా పేరుకు పైన ఆమె పేరు రాయించాను. "నా పేరెందుకన్నా?" అని విసుక్కుంది. వార్షికోత్సవం రోజు రైలు పదిహేడుసార్లు కొండెక్కింది. ఒక్క పెట్టె జారలేదు. నేను మైకులో ఆమె పేరు చెప్పి, ఆమె పట్టిన మట్టం వల్లే నా మాట నిలిచిందని అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ పైకెళ్లే రైలును చూస్తున్నారు. సంతోషమ్మ మాత్రం ఒంగి, ఏడో దిమ్మెనే చూస్తోంది.