టేపు పిల్ల

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది, డైరీలో కూడా రాసుకోలేదు. మా గోదావరిఖని వైపు కట్టిన పెద్ద మ్యూజియంలో, ఉత్తుత్తి బొగ్గుగని సొరంగంలోకి అడుగుపెట్టగానే "తల జాగ్రత్త, కాస్త వంగి నడవండి" అని తియ్యగా హెచ్చరించే ఆడగొంతు నాది. ఆ రోజుల్లో నేను మాట్లాడాల్సిన చోటల్లా తలూపి నెట్టుకొచ్చేదాన్ని. పెళ్లిళ్లలో చుట్టాలు పలకరిస్తే విస్తట్లో అప్పడం వైపు చూస్తూ జవాబు చెప్పేదాన్ని. అలాంటి నేను వచ్చిన వాళ్లందరికీ నెత్తిమీద నుంచి జాగ్రత్తలు చెబుతున్నానంటే నమ్మేదెవరు?

అప్పుడే చేరిన ఉద్యోగం. మ్యూజియంలో దీపాలు, తెరలు, శబ్దాలు అన్నీ ఒకే కంప్యూటరు చెప్పినట్టు వినేలా కలపడం మా పని. (పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు చెప్పినట్టు వింటూ పెరిగాను కాబట్టి నాకు తొందరగానే పట్టుబడింది.) హైదరాబాదు నుంచి రావాల్సిన రికార్డింగు రాకపోతే, ట్రయల్ కోసమని నేనే తలుపేసుకుని ఫోన్లో చదివి పెట్టాను. మా సార్ విని, "వచ్చేసిందా? అనుభవం ఉన్న గొంతంటే ఇదీ" అన్నారు. నేను తలూపాను. అదే ఉండిపోయింది.

సొరంగం గోడకు ఛాతీ ఎత్తున ఒక సెన్సర్ పెట్టాం. మనిషి కనిపిస్తే దీపాలు, యంత్రాల చప్పుడు, నా గొంతు. కాసేపు ఎవరూ కనిపించకపోతే అన్నీ బంద్. సార్, నేను అటూ ఇటూ నడిచి చూశాం, బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్దాఫీసరు వచ్చే రోజు సార్ నాతో, "ఇవాళ ఎక్కడా ఆగకపోతే నీ ఉద్యోగం ఖాయం. ఆగిందా, నువ్వు ఇంటికే" అన్నారు.

మొదటి సందర్శకులుగా రిటైరైన గని కార్మికులను పిలిచారు. వాళ్లలో మా బాపు, ఆయన దోస్తు లాంపు కాక (గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే పని చేసినందుకు ఆ పేరు) కూడా ఉన్నారు. నేను కంట్రోల్ రూములో కూర్చుని చూస్తున్నాను, వింటున్నాను. టేపులో నా గొంతు "తల జాగ్రత్త" అంది.

"ఎవ్వర్తిరా గీ టేపు పిల్ల? జిందగంత బాయిల వంగి నడిచినోళ్లకు నడక నేర్పుతున్నది" అన్నాడు లాంపు కాక. (మావైపు బాయంటే గనే.)

"పట్నం పిల్ల గావచ్చు, పాపం. బొగ్గు మొకం సూసి ఉండదు" అన్నాడు, నా కన్నతండ్రి.

సొరంగం మధ్యలో టేపు "ఇక్కడ కొద్దిసేపు ఆగండి" అంది. ఆగమంటే మనుషులు నిలబడతారని సార్, నేను అనుకున్నాం. వీళ్లు అందరూ ఒక్కసారే గోడకు వీపాన్చి గొంతుక్కూర్చున్నారు. గనిలో ఆగడమంటే అదే. ఇంట్లో బాపు ఇప్పటికీ కుర్చీని పక్కకు జరిపి అలాగే కూర్చుంటాడు. సెన్సరుకు ఒక్క తల కూడా అందలేదు. నా ముందున్న తెర మీద "సందర్శకులు లేరు" అని వచ్చింది, సొరంగమంతా చీకటైంది. నేను చేత్తో దీపాలు వేశాను. లోపల ఎవరూ లేరు కదా అని కంప్యూటరు మళ్లీ ఆర్పేసింది.

నేను మళ్లీ వేశాను, అది మళ్లీ ఆర్పింది. లోపల మాత్రం ఎవరికీ ఫికర్ లేదు.

"కరెంటు పోయినట్టున్నది. కూసోండ్రి, వస్తది."

"ఇప్పుడు అచ్చం బాయి లెక్కనే ఉన్నది. ఇంతసేపు పెండ్లి పందిరి లెక్క ఉండె."

"బీడీ ఉన్నదారా?"

"బాయిల బీడీ ఏందిరా, సార్లు జూస్తే ఇంటికి పంపుతరు."

గుమ్మం దగ్గర నిలబడిన పెద్దాఫీసరు "ఈ చీకటి ఇంకా ఎంతసేపు?" అన్నాడు. ఆయన పక్కనుంచి సార్ నాకు ఫోన్ చేసి, "మైకులో చెప్పు, లేవమను వాళ్లని" అని గుసగుసలాడారు. మైకు నొక్కి, "దయచేసి అందరూ లేచి నిలబడండి" అన్నాను. భయంలో అదే పుస్తకాల భాష, అదే తియ్యదనం.

"టేపు పిల్ల మల్ల మొదలువెట్టింది" అన్నాడు లాంపు కాక. "మోకాళ్లు నొస్తున్నయ్ బిడ్డా, నువ్వే వచ్చి కూసో."

అందరూ నవ్వారు, బాపు అందరికంటే గట్టిగా. ఇక నాకు ఒళ్లు మండింది.

"బాపూ, జర లెవ్వు. కాకా, నువ్వు గూడ. అందరు లేసి చేతులు ఊపుండ్రి, లేకుంటే నా నౌకరి పోతది."

నవ్వులు ఆగిపోయాయి. తర్వాత చీకట్లో మోకాళ్లు పటపటమన్నాయి. దీపాలు వెలిగేసరికి ఆ పెద్దమనుషులంతా కదిలిపోయే బస్సును ఆపుతున్నట్టు రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నారు. పెద్దాఫీసరు అది కూడా కార్యక్రమంలో భాగమనుకుని తానూ చేతులూపాడు.

నౌకరి నిలిచింది. సెన్సరును మోకాలెత్తుకు దించాం. గొంతు మాత్రం ఎవరూ మార్చలేదు, ఎవరిదని అడగనూ లేదు. ఇప్పుడు అది వినిపించినప్పుడల్లా, తలుపేసుకుని ఫోనుకు అంత మర్యాద చేసిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అప్పడంతో స్నేహం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఆ సాయంత్రం బాపును బండి మీద వెనక ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. ఇంటి మలుపు దగ్గర నా భుజం తట్టాడు.

"గా టేపు పిల్లకు మర్యాద ఎక్కువైంది బిడ్డా, దాని మాట ఎవ్వడింటడు. ఇంట్ల జర మమ్ముల లేపిన గీ రెండో పిల్లను మాట్లాడనియ్యి."