అడగని పిల్ల

పాలకుర్తి దారిలో ఆటో బోల్తాపడి మా అక్కా బావా ఒకేసారి పోయారు. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదేళ్లు, చిన్నదానికి ఆరు. భూపాలపల్లిలో మాది రెండు గదుల ఇల్లు. నా భర్తది బొగ్గుబావిలో పని. మాకప్పటికే ఇద్దరు కొడుకులు. ఆడపిల్లలిద్దరినీ సాకడం మావల్ల కాదనుకుని, చిన్నదాన్ని మేం తెచ్చుకున్నాం. పెద్దదాన్ని జనగామలో అనాథ పిల్లల హోమ్‌లో చేర్పించాం. గేటు దగ్గర అది ఏడవలేదు. దాని బతుకు అన్యాయమైపోయిందని బస్సులో నేనే ఏడ్చాను.

చిన్నది చప్పుడు లేకుండా పెరిగింది. పెట్టింది తినేది, చెప్పింది చేసేది. ఇంటికి ఎవరొచ్చినా దాన్ని పిలిచి మరీ చూపించేదాన్ని. "మా అక్క బిడ్డ. తల్లి లేదు, తండ్రి లేడు. మేమే సాదుతున్నం. నాకిది కావాలని ఒక్కనాడు అడగది." వచ్చినవాళ్లు దాని తల నిమిరి నన్ను మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

పెద్దది వేసవి సెలవులకు వచ్చేది. కంచం ముందు కూర్చుని, "చిన్నమ్మా, ఇంకింత కూర ఎయ్యి," అనేది. మా పెద్దోడితో సమానంగా వాదించేది. హోమ్‌లో ఉండి పెంకిదైపోయిందని నేను గొణుక్కునేదాన్ని.

ఒక ఎండాకాలం పక్కింటావిడ ముందు నేను ఎప్పటి మాటే అన్నాను. ఆమె వెళ్లాక పెద్దది వంటగదిలోకి వచ్చింది. అప్పుడు దానికి పద్నాలుగేళ్లు.

"మా హోమ్‌ల ఎవ్వలకూ అమ్మ నాయిన లేరు చిన్నమ్మా. అందుకే గా మాట ఎవ్వలూ అనరు. గీడ మా చెల్లె ఒక్కతే అమ్మ నాయిన లేనిది అయింది."

"తిండి పెట్టి సాదుతుంటే మాటలంటున్నవా?" అన్నాను.

మర్నాడే జనగామ బస్సు ఎక్కించాను. సెలవులు ఇంకా పది రోజులున్నాయి. చిన్నది గడప దగ్గర నిలబడి చూసింది. అక్కను ఉండనివ్వమని అడగలేదు.

చిన్నది ఎనిమిదో తరగతిలో ఉండగా బడి నుంచి టీచరమ్మ పిలిపించింది. పిల్లకు బోర్డు కనపడటం లేదట, పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటోందట. దవాఖానకు తీసుకెళ్లాను.

"ఎన్ని రోజుల సంది కనపడ్తలేదమ్మా?" అని డాక్టర్ అడిగితే అది ముందు నా మొహం చూసింది.

"ఆరో తరగతి సంది."

"మరి ఇంట్ల చెప్పలే?"

"వాళ్లే నన్ను సాదుతున్నరు కదా సార్," అంది, చాలా మర్యాదగా.

అది నా మాటే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కొత్త కళ్లజోడు పెట్టుకుని దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చుంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. పిల్లతో ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఆ తర్వాత ఎవరి ముందూ ఆ మాట అనలేదు. అనకపోయినా దానిలో మార్పు రాలేదు. బట్టల దుకాణానికి తీసుకెళ్లి ఏది కావాలంటే, "నీకేది నచ్చితే గదే," అనేది.

పెద్దది నర్సింగు చదివి మహబూబాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. గది అద్దెకు తీసుకుని, పోయినేడు చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చింది. నాతో పాత సంగతి ఏదీ ఎత్తలేదు.

"పోవాల్నా చిన్నమ్మా?" అని చిన్నది నన్నడిగింది.

"నీకేమనిపిస్తుంది బిడ్డా?"

అది తలవంచుకుని నిలబడింది. నేనే ఏదో ఒకటి చెప్తానని చాలాసేపు ఎదురుచూసింది. చివరికి, "పో," అన్నాను. వెంటనే బట్టలు సర్దుకుంది. వెళ్లాలని దానికి ముందు నుంచీ ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న ఫోన్ చేసింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకోవాలని ఉందట.

"నీ ఇష్టం బిడ్డా," అన్నాను.

"అక్క గూడ గట్లనే అంటుంది," అంది. "అయినా నువ్వు చెప్పు చిన్నమ్మా. నీకు కోపం రాదు కదా?"