పిట్టకు పెట్టిన కాఫీ

పిండి గిర్ని నడుస్తుంటే ఫోన్ వినపడదు. మా కోడలే వచ్చి మోటారు ఆపేసింది. జొన్నలు సగం తొట్టిలోనే ఉన్నాయి. "మామా, బాపు పోయిండు" అంది. ఆమె తండ్రి, ఎల్లారెడ్డిలో ఉండే మా వియ్యంకుడు, పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఆ పొద్దున కన్ను మూశాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మా ఇద్దరి మధ్య ఒక మాట తేలకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాట ఏమిటో చెబుతాను. నాది నాలుగో తరగతి చదువు, చుట్టూ తిప్పి రాయడం రాదు.

ఆయన ఇరవై రెండేళ్లు దుబాయిలో ఒక హోటల్‌లో కాఫీ పోశాడు. తిరిగొచ్చాక వంటింట్లో ఒక మూల ఆక్రమించాడు. మూతబడిన బేకరీ నుంచి తెచ్చిన పాత కాఫీ మిషన్ ఒకటి. దాని పిడి విరిగితే ఇనుప తీగ చుట్టాడు. పొడిని అదిమే బిళ్లను వడ్రంగి దగ్గర తుమ్మ చెక్కతో చేయించాడు. తూచడానికి కంసాలి వాడే చిన్న కాంటా. అన్నీ ఇలా అతుకులవే. ఒక్క గ్రైండర్ మాత్రం కొత్తది, మంచిది. చేత్తో తిప్పేది, లోపల ఉక్కు పళ్లు, పొడి ఎంత మెత్తగా రావాలో పెట్టుకోవడానికి మెడ చుట్టూ గీతలు. దాన్ని పిల్లలను కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

గింజలు తూచి, తిప్పి, పొడి అదిమి, మిషన్‌కు పెట్టి, అంకెలు లెక్కపెట్టి, ఇంత చేసి ఇచ్చేది రెండు గుక్కలు! సంబంధం మాట్లాడటానికి పోయిన రోజే ఆ చిన్న కప్పు నా ముందు పెట్టాడు.

"వియ్యంకునికి గింతేనా పోసేది?" అన్నాను.

"తాగి మాట్లాడు బావా."

తాగాను. బాగుంది. బాగుందని చెప్పలేదు. పిల్లవాడి తండ్రిని, ఎందుకు చెబుతాను?

కానీ నాలుక ఊరుకోదు కదా. కామారెడ్డిలో మా ఇంటికి తళతళలాడే పెద్ద మిషన్ కొన్నాను. ఆయనకంటే గొప్పది. ఒకసారి ఆయన వచ్చినప్పుడు గర్వంగా చేసి ఇచ్చాను. ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"పొడి దేంట్ల కొట్టినవ్?"

"పచ్చడి మిక్సీల."

"సగం దుమ్ము, సగం రవ్వ. నీళ్లు సందు జూస్కొని ఉరుకుతున్నయ్. మిషన్ నీళ్లు దోలుతది బావా, అంతే. రుచి పొడి పట్టే రాయిల ఉంటది."

నలభై ఏళ్లు పిండి పట్టినవాడికి రాయి సంగతి చెబుతాడా! ఆయన ఊరికి పోగానే గింజలు తీసుకెళ్లి నా గిర్నిలోనే పోశాను. మంచి మెత్తగా పట్టాను. ఆ పొడికి మిషన్ గొంతు పట్టేసింది, చుక్క దిగలేదు. అది చాలదన్నట్టు, రాళ్లకు అంటిన కాఫీ పొడి జొన్నపిండిలో కలిసి, రెండు రోజులు మా వాడ ఆడవాళ్లంతా పిండి గిన్నెలు పట్టుకుని గిర్ని మీదికి వచ్చారు.

"పెద్దబాపూ, ఏం కలిపినవ్? రొట్టె కాలిందో మాడిందో సమజైతలేదు!"

ఈ కథ మా కోడలు తండ్రికి మోసింది. మోయకుండా ఉంటుందా? మళ్లీ బస్సెక్కి వచ్చాడు. గిర్నిలో బస్తా మీద కూర్చుని, కండ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పిండి పట్టే రాళ్ల మీద మిరపకాయలు పోస్తవా బావా? పొయ్యవ్. మరి కాఫీ గింజ ఏం పాపం జేసింది? ఒక్కసారి అను. పొడే అసలు, మిషన్ కాదు అని. ఒక్కసారి."

"పొయ్యి నీ పని జూస్కో" అన్నాను.

అప్పటి నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా మనవరాలి ముచ్చట, వానల ముచ్చట అయ్యాక చివర ఒకే మాట: "అంటవా మరి?" నేను ఫోన్ పెట్టేసేవాణ్ని. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం ఉండగా కూడా కనుబొమ్మ ఎగరేసి అదే అడిగాడు. అప్పుడైనా అనవచ్చు కదా. లేచి కూర్చున్నాక అందాంలే అనుకున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతాం, కాకి ముట్టాలి. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని అర్థం. ముసురు పట్టిందని పెద్దలు ఎల్లారెడ్డిలో వాళ్ల ఇంటి డాబా మీదే పెడదామన్నారు. అన్నం, మటన్, కల్లు అన్నీ సిద్ధమయ్యాయి.

"ఆ కాఫీ మాకెవ్వరికి రాదు. నువ్వే చెయ్యన్నా" అంది ఆయన భార్య.

గ్రైండర్ చేతికి తీసుకున్నాను. కోడలు అడ్డం వచ్చింది. "మామా, ఆ గీత బాపు పెట్టింది. కదలియ్యకు."

కదపలేదు. కాఫీ నీళ్లలా కారింది, పుల్లగా ఉంది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. చిరాకు ఆగలేదు.

"బిడ్డా, పది పన్నెండు రోజులల్ల గింజ పాతబడ్డది. మీ బాపు ఉంటే గీ గీత మీద ఒక్క పూట గూడ ఉంచకపోతుండె!" అని రెండు గీతలు బిగించాను. మూడోది నువ్వుల నూనెలా సన్నగా, నల్లగా దిగింది. పైన ఇటుక రంగు నురగ.

తీసుకెళ్లి విస్తరి పక్కన పెట్టాను. అందరం దూరం జరిగాం. కాకి వచ్చి పిట్టగోడ మీద కూర్చుంది, దిగదు. ఒకాయన "ఏమన్న మొక్కుండ్రి" అన్నాడు. అందరూ ఎవరికి తోచింది వాళ్లు మొక్కారు. అది కదలదు.

నాకు తెలుసు. నా ఒళ్లు మండింది. చచ్చి కూడా పంతమేనా?

"అంటున్న, ఇను!" అని అందరి ముందు గట్టిగానే అన్నాను. "పొడే అసలు. మిషన్ కాదు. మొదటి దినం నువ్విచ్చిన కప్పు గూడ మస్తుగుండె. సాలునా?"

కాకి దిగింది. దిగి మటన్ ముక్క ఎత్తుకుంది. కాఫీ వైపు చూడనైనా చూడలేదు. పోతూ పోతూ కప్పు అంచుకు ముక్కు తుడుచుకుంది.

"ముట్టింది, ముట్టింది" అంటూ అందరూ స్నానాలకు దిగిపోయారు. నేను అక్కడే నిలబడ్డాను. అంత బాగా దిగిన కాఫీ అది. తుంపర పడి నురగ మీద చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి. పడ్డ గుంట పడ్డట్టే మూసుకుంటోంది. ఆ నురగ చాలాసేపు విరగలేదు.